మాయిశ్చర్ వచ్చింది సరే, ఎంత వచ్చింది?

అన్నలు, తమ్ముళ్లు, సోయా కోతలు అయినయి. ఇగ కాంటా కాడ ఒకటే మాట, "మాయిశ్చర్ వచ్చింది". ఆ ఇంగ్లీషు మాట వినంగనే మన మాలుకు ఏదో రోగం వచ్చినట్టు తల వంచుకొని పక్కకు జరుగుతున్నం. మాయిశ్చర్ అంటే తేమ, అంతే. విత్తేటప్పుడు మన జుక్కల్ నల్లరేగడిల అదే ఉంటే పదునుంది అని సంబరపడ్తం కదా!

తేమ లేని గింజ ఉండదు. ఎంత అన్నదే లెక్క. మద్దతు ధరకు సోయాకైతే 12 శాతం, వడ్లకైతే 17 శాతం దాకా ఉండొచ్చు. 14 శాతం ఉన్న క్వింటాల్ సోయాను 12కు ఎండబెడితే పోయేది రెండుంబావు కిలోల నీళ్లు. మరి మాయిశ్చర్ పేరు జెప్పి ఐదు కిలోలు తరుగు తీస్తే మిగతాది ఏంది? అది మన గింజ.

అందుకే నోటితోని చెప్పే మాయిశ్చర్‌కు ఒప్పుకోవద్దంట నేను. మూడు నాలుగు బస్తాలకెల్లి గింజలు తీసి మన ముందటనే మిషన్ల పోయాలె, అంకె చూపియ్యాలె, చీటీ మీద రాయాలె. నిజంగ 15 వస్తే లొల్లి వద్దు, ఇంకో రెండెండలు ఆరబోసుకుందాం. మంచు పడుతున్నది, పొద్దెక్కే దాకా కుప్ప మీది పరదా తీయకుండ్రి.