పాత యాంప్లిఫైయర్... బాగుచేయిద్దామా?

బ్రిటన్‌లో 1975లో వచ్చిన క్వాడ్ 405 యాంప్లిఫైయర్ అంటే సంగీతప్రియులకు ఇప్పటికీ మోజే. ఛానెల్‌కి 100 వాట్లు మరి! కానీ ఏళ్ల తరబడి మూలనపడ్డదాన్ని దుమ్ము దులిపి స్విచ్ వేస్తే, పాటకన్నా ముందు 'గుయ్‌'మనే రొద వినిపించొచ్చు. బాగుచేయించాలా, అమ్మేయాలా? రొదకి చాలాసార్లు కారణం లోపలి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లే. వాటిలోని ద్రవం క్రమంగా ఎండిపోతుంది. కొత్తవి వేయించడానికి పెద్దగా ఖర్చవదు. చిక్కల్లా ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతేనే. అలాంటిది మళ్లీ దొరకడం కష్టం. ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లదీ అదే కథ. పాతరకంవి తయారీ ఆగిపోయింది, వాటి పేరుతో నకిలీలూ అమ్ముతుంటారు. ఈ రెండూ భేషుగ్గా ఉంటే నిస్సందేహంగా బాగుచేయించుకోవచ్చు. 'కాస్త రొదేగా' అని అలాగే వాడితేనే ముప్పు. ట్రాన్సిస్టర్ షార్టయితే డీసీ కరెంటు స్పీకర్లలోకి వెళ్లి కాయిల్స్‌ని కాల్చేసే ప్రమాదముంది. మెకానిక్ పరీక్షించేదాకా ఖరీదైన స్పీకర్లు తగిలించకండి. పరీక్షకి చవకరకం జత చాలు.