నీటి బరువు - నేల ఓర్పు

ఇంట నీటిని నిలుపుకోవాలనే ముచ్చట హైదరాబాదుకు కొత్త కాదు. పాతబస్తీ దేవిడీల ముంగిళ్లలో హౌజులుండేవి. మక్కా మసీదు ఆవరణలో నేటికీ హౌజు ఉన్నది. వాటి అందాన్ని గూర్చి పెద్దలు చెప్పగా విన్నాము. కాని ఒక్క విషయం అంతగా గమనించలేదు. ఆ హౌజులన్నీ నేలమీదనే ఉన్నవి. ఆ నీటి భారాన్ని భూమి మోసినది, దూలాలు మోయలేదు.

ఈనాడు మన నగరం పడమటికి పెరిగినది. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి రాతిగుట్టల నడుమ బహుళ అంతస్తుల భవనాలు లేచినవి. అక్కడి ఫ్లాటులకు ముంగిలి లేదు. పదవ అంతస్తులో నివసించే ఉద్యోగి పగలంతా కంప్యూటరు ముందు గడిపి, రాత్రి ఇల్లు చేరి, గాజుతొట్టిలో ఈదే చేపలను చూచి సేద తీరదలచితే తప్పు పట్టడానికి మనమెవరము? మనసును తేలికపరచే ఆ వస్తువు ఎంత బరువో ఎవరూ అడగకపోవడమే తప్పు.

గత సంవత్సరం కొండాపూరులో ఒక మిత్రుని ఇంటికి వెళ్లాను. ఎత్తైన హాలులో సగభాగానికి చెక్క దూలాలు వేసి, పలకలు పరచి, పైన ఒక చదువుల గది కట్టించుకున్నాడు. ఆ గదిలో ఆరడుగుల చేపలతొట్టి. ఒక చివర గోడవైపు, మరొక చివర గది నడుమకు ఉన్నది. అందరూ చేపలను చూస్తుంటే నా దృష్టి నీటిగీతపై నిలిచినది. గోడవైపు నీరు అంచుకు రెండంగుళాల దిగువన ఉన్నది. నడుమవైపు అంగుళంన్నర దిగువనే ఉన్నది. నీరు అబద్ధమాడదు. మేస్త్రీలు గొట్టంలో నీరు పోసి మట్టం చూచేది అందుకే. నీరు సమంగానే ఉన్నది, వంగినది నేల. "మొదటి నుండీ అలాగే ఉన్నదండీ" అన్నాడు మిత్రుడు. సరిగా ఆ గది క్రిందనే పసిపాప ఉయ్యాల వ్రేలాడుతున్నది. ఆ రాత్రి ఇద్దరం బకెట్లతో నీరు తోడిపోశాము.

లెక్క వేయడం కష్టమేమీ కాదు. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు గల తొట్టిలో 24 ఘనపుటడుగుల నీరు పట్టును. అది సుమారు 680 లీటర్లు, అనగా 680 కిలోలు. 12 మిల్లీమీటర్ల గాజు మరొక 120 కిలోలు. ఇసుక, గులకరాళ్లు, పీఠము కలిపితే మొత్తం బరువు టన్నుకు దగ్గరపడును. ఇదంతా ఒక చదరపు మీటరుకు కొంచెం మించిన చోట నిలుచును. మన భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 రెండవ భాగం (1987) నివాసపు గదులకు సూచించే భారం చదరపు మీటరుకు 2 కిలోన్యూటన్లు, అంటే దాదాపు 200 కిలోలు. తొట్టి తన అడుగున మోపేది దీనికి నాలుగింతలు.

అయితే భయపడి చేపలను వదులుకోనక్కరలేదు. ఆ ప్రమాణం గది మొత్తానికి పరచిన భారం. చక్కగా కట్టిన కాంక్రీటు స్లాబు, తొట్టి దూలానికో గోడకో దగ్గరగా ఉన్నప్పుడు, సాధారణంగా ఓర్చుకొనును. అటువంటి స్లాబుపై అలంకారానికి పరచిన చెక్క విషయం వేరు. అక్కడ బలం స్లాబుదే, చెక్కకు తడి తగిలితే ఉబ్బుతుందన్నదే చింత. కాని చెక్కయే ఆధారమైన చోట జాగ్రత్త తప్పదు. దూలం నడుమ ఒకేచోట బరువు పెట్టినప్పుడు, దూలం పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిదింతలగును. దూలం లోతు రెట్టింపైతే వంపు ఎనిమిదవ వంతుకు తగ్గును. వడ్రంగి దూలాన్ని పడుకోబెట్టక నిలువుగా వేయడంలోని మర్మమిదే. మరొక సంగతి: అతిథి వచ్చి వెళ్లిపోవును, తొట్టి వెళ్లదు. ఎడతెగని బరువు క్రింద కొయ్య ఏళ్ల తరబడి మెల్లమెల్లగా ఇంకా వంగును. కారిన నీటితో పుచ్చు, చెదలు తోడైతే చెప్పనక్కరలేదు.

కనుక చెక్క నేలపై పెద్ద తొట్టి పెట్టదలచినవారు దానిని గోడ ప్రక్కన, దూలాలకు అడ్డంగా, వీలైనన్ని దూలాలపై బరువు పడునట్లు నిలపాలి. అంతకు ముందే ఇంజనీరుకు చూపించాలి. నా అభిప్రాయంలో ఇది కొనేవారి బాధ్యత మాత్రమే కాదు. తొట్టి అమ్మే దుకాణదారు ధరతో పాటు నీరు నింపిన తరువాతి బరువును కూడ దానిపై వ్రాయాలి. ప్రతి నివాసుల సంఘం తమ భవనపు నిర్మాణ పటాలను భద్రపరచి, అడిగినవారికి చూపాలి. ఇవి పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు.

బహుళ అంతస్తుల జీవితంలో నా నేల మరొకరి కప్పు. నా ముచ్చట బరువు నాకు తెలియకపోతే, దానిని తెలియకుండానే మోసేది క్రింద నిద్రించేవారు. ఈ మాట గుర్తుండే ఇంటిలో చేపలూ సుఖంగా ఈదును, ఉయ్యాలలోని బిడ్డా సుఖంగా నిద్రించును.