చమురే చద్దన్నం!

భూమికి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల అడుగున... వెలుగు లేదు, గాలి లేదు. చుట్టూ వేడి ఉప్పునీళ్లు, రాతి సందుల్లో జిడ్డు. అలాంటి చోట ప్రాణి బతుకుతుందా? బతకడమే కాదు, ఆ చమురునే తిని బతుకుతోంది!

1926లో షికాగో విశ్వవిద్యాలయ భూగర్భ శాస్త్రవేత్త ఎడ్సన్ బాస్టిన్ చమురు బావుల నీటిలో బ్యాక్టీరియా ఉందన్నప్పుడు చాలామంది నమ్మలేదు. బావి తవ్వేటప్పుడు పైనుంచి దిగినవే అయి ఉంటాయిలే అన్నారు. అది నిజంగా అడుగున ఉండే లోకమేనని ఒప్పుకోవడానికి దశాబ్దాలు పట్టింది.

అక్కడ ఉన్నది ఒక్క రకం కాదు, ఓ ఊరే! ఆక్సిజన్‌కు బదులు సల్ఫేట్‌తో పని కానిచ్చేవి కొన్ని. పులియబెట్టేవి ఇంకొన్ని. మీథేన్ తయారుచేసే ఆర్కియా మరికొన్ని. ఒకటి తిని వదిలింది ఇంకోదానికి ఆహారం. చైనాలోని షెంగ్లీ చమురు క్షేత్రంలో దొరికిన ఓ ఆర్కియా అయితే చమురును తానొక్కటే మీథేన్‌గా మార్చేస్తుందని 2021లో వెల్లడైంది.

ఈ విందు ఖరీదు తక్కువేం కాదు. తేలికపాటి చమురును ముందు తినేస్తాయి కాబట్టి చివరికి తారులాంటి ముద్ద మిగులుతుంది. కెనడాలోని అథాబాస్కా, వెనెజులాలోని ఒరినోకో నిల్వలు అలా చిక్కబడినవే. అయితే వేడి సుమారు 80 డిగ్రీలు దాటితే వీటి ఆట కట్టు. ఒకసారి అంత వేడెక్కిన నిల్వ తర్వాత చల్లారినా చమురు చాలావరకు చెడదు. కాచిన పాలు త్వరగా విరగవు కదా, అలాగన్నమాట!

అసలు ప్రమాదం వేరే ఉంది. చమురును పైకి నెట్టడానికి బావుల్లోకి సముద్రపు నీరు ఎక్కిస్తే, అందులోని సల్ఫేట్‌తో కొన్ని బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ను పుట్టిస్తాయి. కుళ్లిన గుడ్ల వాసనొచ్చే ఈ వాయువు గొట్టాలను తినేస్తుంది. మోతాదు మించితే కార్మికుల ప్రాణాలే తీస్తుంది. అందుకే కొన్నిచోట్ల నీటిలో నైట్రేట్ కలుపుతారు. దాన్ని వాడుకునే బ్యాక్టీరియా బలపడి వీటిని అణచేస్తుంది. ముల్లును ముల్లుతోనే తీయడమంటే ఇదే.

నేల మీదా చమురు తినే బ్యాక్టీరియా ఉంది. గాలి అందుతుంది కాబట్టి దాని పని చాలా వేగం. ఢిల్లీలోని టెరి సంస్థ అలాంటి అయిదు రకాలను మొక్కజొన్న కండెల పొడిలో కలిపి 'ఆయిల్‌జాపర్' తయారుచేసింది. చమురు ఒలికిన నేలపై చల్లితే నెలల్లోనే శుభ్రం చేస్తుంది.

బావిలో పడితే దొంగ... పొలంలో చల్లితే పాలేరు!