మన ఆరోగ్యం: సెరిబ్రల్ పాల్సీకి ఇల్లే తొలి వైద్యశాల

ఏడాది నిండినా బిడ్డ కూర్చోలేకపోతే, కాళ్లు కత్తెరలా బిగుసుకుంటుంటే "పెద్దయితే అదే సర్దుకుంటుంది" అని ఊరుకోకండి. అది సెరిబ్రల్ పాల్సీ కావచ్చు. కడుపులోనో, కాన్పులోనో, పసితనంలోనో మెదడుకు తగిలిన దెబ్బ ఇది. ఎవరి పాపమూ కాదు, అంటువ్యాధీ కాదు. ఆ దెబ్బ పెరగదు, పూర్తిగా మానదు. "నయం చేస్తాం" అని డబ్బు గుంజేవారిని నమ్మకండి.

ఫిజియోథెరపీ కీళ్లు బిగుసుకుపోకుండా చూస్తుంది. ఆక్యుపేషనల్ థెరపీ తినడం, బట్టలు తొడుక్కోవడం నేర్పుతుంది. స్పీచ్ థెరపీ మాటకూ, మింగడానికీ ఉపకరిస్తుంది. బోటులినమ్ సూదిమందు కండరాల బిగువును కొన్ని నెలలు సడలిస్తుంది. ఆలోగా వ్యాయామం చేయిస్తేనే పూర్తి ఫలం.

సిరొంచ తాలూకా పాతగూడెం నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలి 200 కిలోమీటర్ల పైమాటే. కూలి మానుకుని వారం వారం వెళ్లడం అయ్యే పని కాదు. కనుక వెళ్లినప్పుడే తల్లితోపాటు తండ్రి, నానమ్మ కూడా వ్యాయామాలు నేర్చుకుని, స్నానం, ఆట వేళల్లో రోజూ చేయించాలి.

ఇంటివాళ్ల వల్ల అవుతుందా అంటారా? ఇదే జిల్లాలో డాక్టర్ అభయ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ పల్లె స్త్రీలకే పసికందుల సంరక్షణ నేర్పింది. అక్కడ నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గినట్టు 1999లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో సెరిబ్రల్ పాల్సీ కూడా ఉంది. వైకల్య ధ్రువపత్రం తప్పక తీసుకోండి.