పెన్షన్ సార్లకు పిలుపు, మన యువతకు ఎదురుచూపు

టీచర్ల కొరత అనగానే ప్రభుత్వాలకు సులువుగా తోచే మందు ఒకటుంది: రిటైరైన సార్లను మళ్లీ బడికి పిలవడం. పైకి మంచి మాటే. అనుభవం ఉంది, పాఠం తెలుసు, పిల్లల చదువు ఆగదు. కానీ ఏజెన్సీలో ఈ మందు ఎవరి కడుపు కొడుతుందో మనమే లెక్క వేసుకోవాలి.

ముందే ఒకటి చెప్పుకుందాం. మన కొట్లాట పెద్ద సార్లతో కాదు. వాగులు దాటి, కొండెక్కి వచ్చి మనకు అక్షరం నేర్పినోళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల పెన్షన్ వాళ్ల హక్కు, ఎవరి దయా కాదు. మన ప్రశ్న ప్రభుత్వానికి. పోస్టు ఖాళీ ఉంటే నోటిఫికేషన్ ఎందుకు వెయ్యవు?

వెయ్యకపోవడానికి కారణం డబ్బే. పెన్షన్ వస్తున్న మనిషికి నెలకింత గౌరవ వేతనం ఇస్తే సరిపోతుంది. పే స్కేలు లేదు, ఇంక్రిమెంట్ లేదు, పీఆర్సీ లేదు. తరగతిలో ఎవరో ఒకరు ఉన్నారు కాబట్టి ఖాళీ కంటికి ఆనదు. ఖాళీ ఆనకపోతే డీఎస్సీలో పోస్టు ఉండదు. పోస్టు లేకపోతే రోస్టరూ లేదు, రిజర్వేషనూ లేదు. ఆ సీట్లో కూర్చున్న రిటైర్డ్ సారు మన ఆదివాసీయే అయినా ఈ లెక్క మారదు.

మనకు ఇప్పటికే తగిలిన దెబ్బలు చూడండి. 2000 జనవరిలో వచ్చిన జీవో నెంబర్ 3 షెడ్యూల్డ్ ప్రాంతాల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆంధ్రలో రిటైర్మెంట్ వయసు 2014లో 58 నుంచి 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 58 నుంచి 61కి పెరిగింది. అంటే ఖాళీ కావాల్సిన కుర్చీ ఏళ్ల తరబడి ఖాళీ కాలేదు. ఇప్పుడు ఖాళీ అయిన కుర్చీలోకి కూడా దిగిపోయినోళ్లనే పిలిస్తే, డీఈడీ, బీఈడీ పట్టాలు పట్టుకుని కూలికి పోతున్న మన అన్నలు, అక్కలు ఎక్కడికి పోవాలి?

ఇంకో చేదు నిజం. 2004 సెప్టెంబర్ 1 తర్వాత ఉద్యోగంలో చేరినోళ్లకు పాత పెన్షన్ లేదు, సీపీఎస్ వచ్చింది. పాత పెన్షన్ ఉన్న మనిషికి రెండో ఆదాయం, ఆ పెన్షన్ ఎన్నటికీ దక్కని తరానికి మొదటి ఆదాయం కూడా లేదు. ఆశ్రమ పాఠశాలల్లో ఏళ్లుగా కాంట్రాక్టు మీద చెబుతున్న సీఆర్టీలు రెగ్యులర్ చెయ్యమని అడిగీ అడిగీ అలిసిపోయారు. అనుభవమే కావాలంటే వాళ్ల దగ్గర లేదా?

అసలు నష్టం చిన్నపిల్లలది. ఒకటో తరగతికి వచ్చే కోయ పిల్లకు, కువి పిల్లాడికి తెలుగు పరాయి భాష. తల్లిభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చెయ్యాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో కోయ, సవర, కువి, గోండి, కొలామి లాంటి ఎనిమిది భాషల్లో బోధన మొదలైంది కూడా. ఆ భాష ఇంట్లో మాట్లాడే యువతి ఊళ్లోనే ఉండగా, ఆ భాష రాని సారును మైదానం నుంచి మళ్లీ తేవడం ఏం న్యాయం?

"నోటిఫికేషన్ వచ్చేదాకా పిల్లలు నష్టపోవాలా?" అని అడుగుతారు. వద్దు, ఒక్కరోజు కూడా నష్టపోవద్దు. అందుకే అడుగుతున్నాం. తాత్కాలికంగా పెట్టుకుంటే ముందు స్థానిక ఆదివాసీ అభ్యర్థులను పెట్టండి. ఎవరూ దొరకని సబ్జెక్టుకే రిటైర్డ్ టీచరును పిలవండి, అదీ ఆ విద్యా సంవత్సరం వరకే. ఆ పోస్టును ఖాళీగానే చూపండి. ప్రతి ఐటీడీఏ పరిధిలో ఖాళీల జాబితా బయటపెట్టండి. ఏజెన్సీకి స్పెషల్ డీఎస్సీ వెయ్యండి. పెద్ద సార్ల అనుభవాన్ని కొత్త టీచర్లకు శిక్షణ ఇవ్వడానికి వాడండి, వాళ్ల దగ్గర నేర్చుకోవడానికి మేం సిద్ధం.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊరి బడికి పోయి చూడండి. ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎంతమంది రెగ్యులర్, ఎంతమంది కాంట్రాక్టు, ఎంతమంది పెన్షనర్లు? సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. వచ్చిన లెక్కను గ్రామసభలో చదవండి, తీర్మానం చేసి ఐటీడీఏ పీవోకు ఇవ్వండి. లెక్క మన చేతిలో ఉంటే ఖాళీని ఎవరూ దాచలేరు.

జై ఆదివాసీ!