పర్సులో ఎంత మిగిలిందన్నది నా సమస్య కాదు

హైదరాబాద్ క్రికెట్ అభిమానికి ఏడాదికి రెండు కాలాలు. మార్చి చివరి నుంచి మే దాకా ఒకటి, నవంబర్ నుంచి జనవరి దాకా ఇంకొకటి. మొదటి కాలంలో మనం చుట్టరికాలతో మాట్లాడతాం. విలియమ్సన్ మనకు కేన్ మామ. వార్నర్ అన్న. హెడ్, అభిషేక్, క్లాసెన్ కలిస్తే కాటేరమ్మ కొడుకులు. 2023 చివర్లో వచ్చిన 'సలార్'లోంచి ఊడిపడిన ఆ మాట 2024 వేసవికల్లా సన్‌రైజర్స్ బ్యాటింగ్‌కి ఇంటిపేరైపోయింది. రెండో కాలం రాగానే అవే నోళ్లు భాష మారుస్తాయి. "ఆ రేటుకి వాల్యూ లేదు." "వాణ్ని రిలీజ్ చేస్తే పర్సు ఖాళీ అయితది." "అంత పెట్టి వాణ్ని ఉంచుకునుడేంది, మళ్లీ వేలంలో తక్కువకి కొనుక్కోవచ్చు కదా."

మేలో మామ, నవంబర్‌లో ఖర్చు.

నా గొడవ ఈ రెండో భాషతో. అభిమానులు జట్టు యాజమాన్యం మీద విరుచుకుపడుతున్నారని కాదు. విరుచుకుపడుతున్నామనుకుంటూ అచ్చం యాజమాన్యం లాగే ఆలోచిస్తున్నారని. పైగా, మనం నిజంగా నిలదీయగలిగిన యాజమాన్యం ఒకటి ఈ ఊళ్లోనే ఉండగా దాని ఊసే ఎత్తడం లేదని.

ముందు న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. వాదించుకోవడానికి సన్‌రైజర్స్ మనకు ఎప్పుడూ సరుకు తక్కువ చెయ్యలేదు. 2016లో కప్పు తెచ్చిన కెప్టెన్ వార్నర్‌ని 2021లో సీజన్ మధ్యలో కెప్టెన్సీ నుంచి తీసేశారు, తర్వాత జట్టులోంచే పక్కన పెట్టారు. ఆ మనిషి స్టాండ్స్‌లో కూర్చుని జెండా ఊపాడు. తర్వాతి మెగా వేలానికి ముందు రషీద్ ఖాన్ వెళ్లిపోయాడు. 15 కోట్లకి అతన్ని తీసుకున్న గుజరాత్ టైటాన్స్ మొదటి ఏడాదే, 2022లోనే, కప్పు కొట్టింది. అదే ఏడాది 10.75 కోట్లు పెట్టి కొన్న పూరన్‌ని ఒక్క సీజన్‌కే వదిలేశారు. ఆ తర్వాత 13.25 కోట్లు పెట్టి బ్రూక్‌ని తెచ్చారు, అతన్నీ ఒక్క సీజన్‌కే వదిలేశారు. 2024 అక్టోబర్‌లో 120 కోట్ల పర్సులో 75 కోట్లు ఐదుగురికే పోశారు: క్లాసెన్‌కి 23, కమిన్స్‌కి 18, అభిషేక్‌కీ హెడ్‌కీ చెరో 14, నితీశ్ కుమార్ రెడ్డికి 6. 2014 నుంచి మనతో ఉన్న భువనేశ్వర్ 10.75 కోట్లకి బెంగళూరు వెళ్లాడు. 2025లో బెంగళూరు తన మొదటి కప్పు ఎత్తింది. మనం 10 కోట్లు పెట్టి తెచ్చిన షమీ ఆ సీజన్‌లో 6 వికెట్లు తీశాడు. ఏడాది తిరక్కుండానే లక్నోకి వెళ్లాడు.

ఈ జాబితా చదువుతుంటే ఎవరికైనా నోరు ఊరుకోదు. మా తిరుమలగిరిలో (సికింద్రాబాద్‌ది కాదు, సూర్యాపేట నుంచి జనగామ పోయే తొవ్వలో ఉండేది) చౌరస్తాలో చాయ్ తాగుతూ మా బావ నన్ను అడిగాడు: "భువీని ఇడిసిపెట్టమని కావ్యా పాపకు ఎవడు చెప్పిండు రా?" "నువ్వైతే ఎవర్ని తీసేద్దువు బావా?" అన్నాను. పత్తి రేటు చెప్పినంత ధీమాగా చెప్పాడు. క్లాసెన్‌కి 23 ఎక్కువ, అక్కడ ఐదు కోస్తే నటరాజన్ ఉండేవాడు. లెక్క బాగానే ఉంది. కానీ మా బావ రెండెకరాల పత్తికి కూడా అంత లెక్క వేసుకోడు. ఎవరి డబ్బులో ఆ ఐదు కోట్లు మిగిలితే మాకేమిటి?

ఈ భాష నాకు కొత్త కాదు. నేను సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లుగా ఉన్నాను. 'రిలీజ్', 'బెంచ్', 'రిటెన్షన్', 'రీప్లేస్‌మెంట్', 'కాస్ట్' అనే మాటలు ఆఫీసులో మనుషుల గురించే వాడతారు. ప్రాజెక్టు నుంచి 'రిలీజ్' అయినవాడి గుండె ఎట్లా కొట్టుకుంటుందో ఈ పత్రిక చదివేవాళ్లలో సగం మందికి తెలుసు. పొద్దంతా ఆ మాటల కింద నలిగి, సాయంత్రం ఇంటికొచ్చి, ఇంకొకడి మీద అవే మాటలు సరదాగా విసరడం నాకు వింతగా తోస్తుంది. కుర్చీ మారినంత మాత్రాన మనం మేనేజర్లం అయిపోం కదా.

'ఫ్రీ ఏజెన్సీ' అనే మాట కూడా ఇప్పుడు మనవాళ్ల నోట వినపడుతోంది, ఎన్‌బీఏ చూసేవాళ్ల పుణ్యాన. అది మనకు అతికే మాట కాదు. అమెరికా బాస్కెట్‌బాల్‌లో కాంట్రాక్టు అయిపోయిన ఆటగాడు తనకు నచ్చిన జట్టుతో బేరం కుదుర్చుకోవచ్చు. ఆ హక్కు ఊరికే రాలేదు. ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడిగా ఉన్న ఆస్కార్ రాబర్ట్‌సన్ 1970లో లీగ్ మీద దావా వేశాడు. 1976లో రాజీ కుదిరాక తలుపు తెరుచుకుంది. 2010లో లెబ్రాన్ జేమ్స్ క్లీవ్‌లాండ్ వదిలి మయామీ వెళ్తే అభిమానులు అతని జెర్సీలు తగలబెట్టారు. ఆ కోపం మంచిదని అనను. కాని అది ఒక మనిషి తీసుకున్న నిర్ణయం మీద కోపం. మన దగ్గర ఆటగాడు వేలానికి పేరిస్తాడు, కనీస ధర చెప్తాడు. చెయ్యెత్తేది యజమానులు, సుత్తి దించేది వేలంపాటదారు. తను ఏ ఊరికి పోతాడో టీవీలో చూసి తెలుసుకుంటాడు. ఇప్పుడు ఆడుతున్నవాళ్ల తరఫున నిలబడే సంఘం కూడా లేదు. 2019లో ఏర్పడిన ఇండియన్ క్రికెటర్స్ అసోసియేషన్ రిటైరైనవాళ్లది. ఇందులో 'ఫ్రీ' ఎక్కడుంది?

యజమాని బాధను మన బాధ చేసుకుంటే ఏమవుతుందో హైదరాబాద్‌కి మొదటి ఏడాదే తెలియాలి. 2008లో కొందరు పెద్ద ఆటగాళ్లకు 'ఐకాన్' హోదా ఇచ్చారు. జట్టులో అందరికంటే ఎక్కువ పలికినవాడి కన్నా 15 శాతం ఎక్కువ వాళ్లకు దక్కాలి. వి.వి.ఎస్. లక్ష్మణ్ ఆ హోదా వద్దన్నాడు. తన మీద పెట్టే డబ్బు మిగిలితే డెక్కన్ చార్జర్స్ వేలంలో మంచి జట్టుని కొనుక్కోవచ్చని. ఎంత పెద్దమనసు! 2011 వేలానికి ముందు ఆ జట్టు ఒక్కరినీ అట్టిపెట్టుకోలేదు. లక్ష్మణ్ కొచ్చికి ఆడాడు. 2009లో కప్పు తెచ్చిన గిల్‌క్రిస్ట్ పోయాడు, రోహిత్ శర్మ ముంబయి పోయాడు. 2012లో అసలు జట్టే పోయింది. బీసీసీఐ డెక్కన్ చార్జర్స్‌ని రద్దు చేసింది, సన్ టీవీ ఏడాదికి 85.05 కోట్లకి కొత్త ఫ్రాంచైజీని కొనుక్కుంది. ఈ మొత్తం తతంగంలో హైదరాబాద్ అభిమానిని ఎవరైనా ఏమైనా అడిగారా? అడగాల్సిన అవసరం వాళ్లకు లేదు. బార్సిలోనా క్లబ్బులో సభ్యులు అధ్యక్షుణ్ణి ఓటేసి ఎన్నుకుంటారు. మన దగ్గర జట్టు ఒక కంపెనీ ఆస్తి. అందులో మన వాటా టికెట్టు, జెర్సీ, రెండు గొంతు మాత్రలు.

"అదంతా సరదా కదన్నా, ఎందుకంత సీరియస్" అంటారు. సరదాకి నేను అడ్డం కాదు. 287 కొట్టిన రాత్రి నేనూ కుర్చీ మీద కూర్చోలేదు. ఫైనల్లో 113కి ఆలౌటైన రాత్రి నేనూ తిండి తినలేదు. కాని సరదాలో కూడా ఎవరి పక్కన నిలబడి మాట్లాడుతున్నామో చూసుకోవాలి. జెండా ఊపుతున్న వార్నర్‌ని చూసి "ఫామ్ లేనప్పుడు తీసేస్తారు, ఇది బిజినెస్" అన్నవాళ్లు నాకు చాలామంది తెలుసు. బిజినెస్ అని యజమాని అంటే అది అతని నిజాయితీ. అభిమాని అంటే, తనను తాను తక్కువ చేసుకోవడం. 'బుట్టబొమ్మ'కి స్టెప్పులేసినప్పుడు అతను ఏ బిజినెస్ చేస్తున్నాడని మనం ఇంట్లో మనిషిని చేసుకున్నాం?

ఇక రెండో పార్టీ ఒకటుంది. వీళ్లు పర్సు లెక్కలు వెయ్యరు, "లోకల్ పోరగాళ్లు ఏరీ?" అంటారు. 2021 వేలం తర్వాత ఖైరతాబాద్ ఎమ్మెల్యే కూడా ఇదే గొడవ ఎత్తుకున్నాడు. హైదరాబాదీలు లేని జట్టు ఇక్కడ మ్యాచులెలా ఆడుతుందో చూస్తానన్నాడు. ప్రశ్న తప్పు కాదు. తట్టిన తలుపు తప్పు. 2017లో ఇదే సన్‌రైజర్స్ 2.6 కోట్లకి సిరాజ్‌ని తీసుకుంది, ఏడాదికే వదిలేసింది, బెంగళూరు అదే రేటుకి ఎత్తుకుపోయింది. తిలక్ వర్మని 2022లో ముంబయి 1.7 కోట్లకి తీసుకుంది. ఇవి ఫ్రాంచైజీ తప్పులే అనుకుందాం. కాని ఫ్రాంచైజీ ఆటగాణ్ణి కొంటుంది, తయారు చెయ్యదు. తయారు చెయ్యాల్సినది హైదరాబాద్ క్రికెట్ అసోసియేషన్.

2024 మొదట్లో రంజీ ట్రోఫీలో హైదరాబాద్ ఎక్కడుంది? ప్లేట్ గ్రూపులో. 1937-38లో, 1986-87లో రంజీ గెలిచిన జట్టు, గులాం అహ్మద్ నుంచి అజారుద్దీన్ దాకా భారత కెప్టెన్లను ఇచ్చిన జట్టు, అంతకు ముందు సీజన్‌లో అడుగున మిగిలి కింది అంతస్తుకి జారి, అరుణాచల్, మేఘాలయలతో ఆడి మళ్లీ పైకి రావాల్సొచ్చింది. అదే ఏడాది మేలో సన్‌రైజర్స్ ఐపీఎల్ ఫైనల్ ఆడింది. మనం దేని మీద అరిచాం? ఫైనల్లో టాస్ గెలిచి కమిన్స్ బ్యాటింగ్ ఎందుకు తీసుకున్నాడని. ప్లేట్ గ్రూపు గురించి మా చౌరస్తాలో ఒక్కరు కూడా ఎత్తలేదు.

ఆ సంఘం కథ కోర్టు కాగితాల నిండా ఉంది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు పాలకవర్గాన్ని పక్కనపెట్టి జస్టిస్ లావు నాగేశ్వరరావుకి పగ్గాలు అప్పజెప్పింది. ఒకే చేతుల్లో ఒకటికి మించి క్లబ్బులున్న వ్యవహారంలో ఆయన 57 క్లబ్బులకు ఓటు లేకుండా చేశారు. 57! ఆ క్లబ్బుల పేరు మీద ఎన్నేళ్లు ఓట్లు పడ్డాయో, ఆ ఓట్లతో ఎవరు సెలెక్టర్లను వేశారో ఊహించుకోండి. 2025 మార్చిలో ఉచిత పాసుల కోసం తమను బెదిరిస్తున్నారని సన్‌రైజర్సే బయటపెట్టింది. జులైలో సీఐడీ సంఘం అధ్యక్షుణ్ణి అరెస్టు చేసింది. నేరం రుజువవుతుందో లేదో కోర్టు తేలుస్తుంది. కానీ జరిగిందంతా కలిపి మనం మాట్లాడుకున్నది షమీ ఎకానమీ రేటు గురించి మాట్లాడుకున్న దాంట్లో పదో వంతు ఉండదు.

ఈ సంఘం ఎవరి సొంత కంపెనీ కాదు. బీసీసీఐ చేసేది ప్రజలకు సంబంధించిన పని అని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. రాష్ట్ర సంఘాలు ఆ చెట్టు కొమ్మలే. పేరు హైదరాబాద్, బాధ్యత చూస్తే జిల్లాలది కూడా. కానీ ఓట్లలో ఎక్కువభాగం నగరం క్లబ్బులవి, సంస్థలవి. పాత జిల్లాల సంఘాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. తిరుమలగిరిలో బంతిని బాగా ఊపే పదిహేనేళ్ల పిల్లాడు ముందు నగరంలో ఒక గది వెతుక్కోవాలి, తర్వాత లీగులో ఒక క్లబ్బు వెతుక్కోవాలి, ఆ క్లబ్బు నిజంగా క్లబ్బేనా, ఎవరి జేబులోనైనా ఉన్న ఓటా అన్నది తర్వాత తెలుస్తుంది. వాడి తండ్రి పత్తి అమ్మిన డబ్బు ఆ తొవ్వలో ఎక్కడ ఆగిపోతుందో ఏ వేలంలోనూ కనపడదు.

క్రికెట్ ఒక్కటే అనుకోవద్దు. 2021 మార్చిలో సూర్యాపేటలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు పెట్టారు. మా ఊళ్ల జనం కబడ్డీ అంటే ప్రాణం పెడతారు. పోటీలు మొదలైన రోజే గ్యాలరీ కూలిపోయింది. వందమందికి పైగా గాయపడ్డారు. ఆ తర్వాత మూడు సీజన్లలో తెలుగు టైటాన్స్ 22 మ్యాచులకి వరసగా ఒకటి, రెండు, రెండు గెలిచింది. మధ్యలో పవన్ సెహ్రావత్‌కి 2.605 కోట్లు పెట్టింది. ఆ 2.605 కోట్ల మీద ఇప్పటికీ వాదించేవాళ్లు దొరుకుతారు. మేనేజ్‌మెంట్ అంటే రైడర్‌ని ఎంతకి కొన్నారన్నదే కాదు. మనుషులు కూర్చునే చెక్కలు బరువు మోస్తాయా అని ముందే చూడటం కూడా. దాని మీద వాదించేవాళ్లు ఏరి?

వచ్చే నవంబర్‌లో మళ్లీ రిటెన్షన్ జాబితా వస్తుంది. అందరిలాగే నేనూ ఫోన్ పట్టుకుని కూర్చుంటాను. ఎవరు పోయినా బాధపడతాను, అది నా హక్కు. యజమాని తరఫున లెక్క మాత్రం కట్టను. అంత ఓపిక ఉంటే వేరే లెక్కలు అడుగుదాం. బీసీసీఐ నుంచి వచ్చిన డబ్బులో ఉమ్మడి నల్లగొండకి, మహబూబ్‌నగర్‌కి ఎంత చేరింది? ఈ ఏడాది అండర్-16 సెలెక్షన్లు సూర్యాపేటలో ఎప్పుడు పెట్టారు, ఎంతమందిని చూశారు, ఎవరు చూశారు? ఆ 57 క్లబ్బులు ఇప్పుడెవరివి? టర్ఫ్ వికెట్ మీద ఆడాలంటే తిరుమలగిరి పిల్లాడు ఎన్ని కిలోమీటర్లు బస్సెక్కాలి?

వీటికి జవాబు చెప్పాల్సినవాళ్లు చెన్నైలో లేరు. ఉప్పల్‌లో ఉన్నారు.