తెల్లకాగితంపై వేలిముద్ర వద్దు

ఏళ్ల తరబడి మిల్లులో పనిచేసిన కూలీని ఒక సాయంత్రం “రేపటినుంచి రానక్కరలేదు” అంటారు. తెల్లకాగితంపై వేలిముద్ర వేయించుకుని చేతిలో కొంత సొమ్ము పెడతారు. ఆ కాగితమే తరువాత ‘రాజీనామా’ అవుతుంది.

పని పోయిన కార్మికుడు యూనియను లేకపోయినా కార్మికశాఖ అధికారి వద్ద తానే తగాదా పెట్టవచ్చు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఈ హక్కును నిలిపింది. అయితే రెండేళ్లు దాటితే అధికారి రాజీ విచారణ జరపరాదు.

ఈ సంగతి పల్లెలో చెప్పేవారెవరు? తెలిసేసరికి గడువు కాస్తా గడిచిపోతుంది. నెలకొకసారైనా మండల కేంద్రంలో ఒక సలహాదారును కూర్చోబెట్టాలి. కార్మికశాఖ వారు శ్రద్ధ వహించాలి. అంతవరకు, చదివించుకోనిదే ఏ కాగితంపైనా వేలు పెట్టకండి.